హనుమంతుడు కూడా ‘నా వల్ల కాలేదు’ అనుకున్న రాత్రి: రిజల్ట్స్ సీజన్‌కి ఒక సుందరకాండ పాఠం

 

ఈ వారం వీడియోలో హనుమంతుడు లంకంతా వెతికి, సీతమ్మ కనిపించక కూలబడిపోయే ఘట్టం చెప్పుకున్నాం. అక్కడ టైమ్ సరిపోక వదిలేసిన విషయం ఒకటుంది. అది స్కూల్లో, ఇంటర్‌లో చదువుకునే పిల్లల గురించి. మీరు స్టూడెంట్ అయితే ఇది మీ కోసమే. టీచర్ అయినా, ఇంట్లో చదువుకునే తమ్ముడో చెల్లెలో ఉన్నా ఇంకా మీ కోసం. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

ఇంటర్ ఫస్టియర్ రిజల్ట్స్ వచ్చిన రోజు. నేను ఆఫీసులో ఉన్నాను. మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయికి మ్యాథ్స్‌లో ఒక పేపర్ పోయింది. పొద్దున్నుంచి గది తలుపు వేసుకుని కూర్చుందట, అన్నం తినలేదట. “నువ్వు చెప్తే వింటుందిరా, ఒక్కసారి మాట్లాడు” అంది పిన్ని.

నేను ఫోన్ చేసి మనందరం చెప్పే మాటే చెప్పాను. “ఏం కాదులే బుజ్జీ, ధైర్యంగా ఉండు. హనుమంతుణ్ణి తలుచుకో, అంతా మంచే జరుగుతుంది.”

అటువైపు కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, “హనుమంతుడికి అన్నీ వచ్చు అన్నయ్యా. నాకేం రాదు” అని ఫోన్ పెట్టేసింది.

నేను మీటింగ్‌కి వెళ్ళాను గానీ బుర్రంతా ఆ మాట దగ్గరే ఉంది. ఇన్నేళ్ళుగా రామాయణం చదువుతున్నాను, వీడియోలు చేస్తున్నాను. పిల్లలకి మాత్రం సగం హనుమంతుణ్ణే చూపించామనిపించింది. సముద్రం దాటిన హనుమంతుణ్ణి చూపించాం, లంక కాల్చిన హనుమంతుణ్ణి చూపించాం. చీకట్లో ఒక గోడ మీద కూర్చుని ‘ఇంతా చేసి వట్టి చేతులతో ఎలా వెళ్ళను?’ అని కుమిలిపోయిన హనుమంతుణ్ణి చూపించలేదు. ఆ రోజు బుజ్జికి కావాల్సింది ఆ హనుమంతుడే.

వాల్మీకి రామాయణంలో సీతాన్వేషణ మొదలైనప్పటి నుంచి సీతమ్మ కనిపించే దాకా ఉన్న కథని ఒక స్టూడెంట్ కళ్ళతో చూడండి. మూడు ఘట్టాలున్నాయి. మూడింటిలోనూ ఎవరో ఒకరు ‘ఇక అయిపోయింది’ అనుకుంటారు. మూడుసార్లూ వాళ్ళు బయటపడే దారి వేరు.

మొదటి ఘట్టం: గడువు దాటిపోయిన బ్యాచ్

సుగ్రీవుడు వానరులకి నెల రోజులు గడువిచ్చాడు. నెలలోపు తిరిగి రాకపోతే శిక్ష తప్పదన్నాడు. దక్షిణ దిక్కుకి వెళ్ళిన జట్టుకి అంగదుడు నాయకుడు. జట్టులో జాంబవంతుడున్నాడు, హనుమంతుడున్నాడు. కొండలూ అడవులూ వెతుకుతూ స్వయంప్రభ ఉన్న గుహలోకి వెళ్ళారు. బయటికొచ్చి చూస్తే ఎదురుగా సముద్రం, గడువేమో దాటిపోయింది.

అంగదుడు యువరాజు. చిన్నవాడు, తండ్రి లేనివాడు. పినతండ్రి అంటే భయం. ఖాళీ చేతులతో వెళ్తే బతకనివ్వడని అనుకున్నాడు. ఇంటికి వెళ్ళే కంటే ఇక్కడే ప్రాయోపవేశం, అంటే అన్నం నీళ్ళు మానేసి ప్రాణం వదిలేయడం మేలనుకున్నాడు. సుగ్రీవుడు ధర్మం తప్పడని హనుమంతుడు నచ్చజెప్పబోయాడు. వినలేదు. భయంలో ఉన్నవాడికి లాజిక్ ఎక్కదు కదా! పైగా అంగదుడి బాధ చూసి మిగతా వానరులు కూడా ఏడుస్తూ అతని చుట్టూ కూర్చున్నారు.

ఇది మీకు ఎక్కడో చూసినట్టు లేదూ? రిజల్ట్ కంటే రిజల్ట్ తర్వాత ఇంట్లోవాళ్ళ ముఖం ఎలా చూడాలన్న భయమే పెద్దది. ఒకరి భయం హాస్టల్ గదంతా పాకుతుంది.

ఇప్పుడు చూడండి, వాళ్ళు ఎలా బయటపడ్డారో. ఏ వీరుడూ లేచి మోటివేషన్ స్పీచ్ ఇవ్వలేదు. వాళ్ళు కూర్చుని తమ కష్టం పైకి చెప్పుకున్నారు. రాముడు అడవికి రావడం, సీతమ్మని రావణుడు ఎత్తుకుపోవడం, జటాయువు చనిపోవడం, అంతా మాట్లాడుకున్నారు. కొండ మీద రెక్కలు కాలిపోయి పడి ఉన్న సంపాతి చెవిన జటాయువు పేరు పడింది. అది అతని తమ్ముడి పేరు. ఎవరు మీరు, నా తమ్ముడి సంగతి మీకెలా తెలుసని అడిగాడు. ఆ మాటల్లోనే సీతమ్మ లంకలో ఉందన్న సమాచారం దొరికింది.

నెలంతా వెతికినా దొరకని కబురు, బాధ పైకి చెప్పుకుంటే దొరికింది. వాళ్ళు తలా ఒక మూల మౌనంగా కూర్చుని ఉంటే సంపాతికి ఏమీ వినిపించేది కాదు. మొదటి పాఠం ఇదే. ఏం చేయాలో మనకి తెలియకపోవచ్చు. పైకి చెప్తే తెలిసినవాళ్ళ చెవిన పడుతుంది.

రెండో ఘట్టం: స్కోర్ చెప్పని పిల్లవాడు

సీతమ్మ ఎక్కడుందో తెలిసింది. మధ్యలో నూరు యోజనాల సముద్రం. ఎవరెంత దూకగలరో చెప్పమన్నాడు అంగదుడు. ఒకడు 10 యోజనాలన్నాడు, ఇంకొకడు 20, మరొకడు 30. అలా పెరుగుతూ జాంబవంతుడు ముసలితనంలో కూడా 90 అన్నాడు. అంగదుడు నూరూ దూకగలను గానీ తిరిగి రాగలనో లేదో అన్నాడు. అచ్చంగా నోటీస్ బోర్డు మీద ర్యాంక్ లిస్ట్ లాంటిది.

ఆ లిస్టులో హనుమంతుడి పేరు లేదు. ఒక పక్కన మౌనంగా కూర్చున్నాడు. అతన్ని గమనించింది జాంబవంతుడు ఒక్కడే. పక్కకు వెళ్ళి పలకరించాడు.

ఏం చెప్పాడన్నది ముఖ్యం. ‘నువ్వు సూపర్, నువ్వు చేయగలవు’ అని ఊరుకోలేదు. జరిగినవి చెప్పాడు. అంజనాదేవి కడుపున ఎలా పుట్టాడో, వాయుదేవుడి కొడుకెలా అయ్యాడో, పసివాడుగా సూర్యుణ్ణి పండనుకుని ఎంత ఎత్తుకి ఎగిరాడో చెప్పాడు. ఇంద్రుడి వజ్రం తగిలి పడిపోయిన సంగతి కూడా దాచలేదు. ఆ దెబ్బకి ఎడమ దవడ విరిగింది. దవడని సంస్కృతంలో హనువు అంటారు. అందుకే హనుమంతుడు. మనం రోజూ భక్తితో పలికే పేరు ఒక గాయం నుంచి వచ్చిన పేరని ఎంతమంది పిల్లలకి చెప్పాం?

జాంబవంతుడు మంచి టీచర్. పిల్లవాడి బలాన్ని పేరు పెట్టి చెప్పాడు, రుజువుతో చెప్పాడు, పడిపోయిన సంగతితో సహా చెప్పాడు. రెండో పాఠం ఇది. బలం లోపల ఉన్నా, ఉందని గుర్తుచేసేవాళ్ళు బయట ఉండాలి.

మూడో ఘట్టం: రెండుసార్లు కూలబడ్డ రాత్రి

ఇక లంక. రాత్రంతా వెతికాడు. రావణుడి అంతఃపురంలో నిద్రపోతున్న మండోదరిని చూసి సీతమ్మే అనుకుని, సంతోషంతో కోతిచేష్టలు చేశాడు, తోకని ముద్దు పెట్టుకున్నాడు. కాసేపటికి కాదని తెలిసింది. ఆన్సర్ కరెక్ట్ అనుకుని ఎగిరి గంతేశాక కీ చూస్తే తప్పని తేలినట్టు.

ఆ తర్వాత 12, 13 సర్గలు. దయచేసి ఈ రెండూ నెమ్మదిగా చదవండి. ఎక్కడా కనిపించలేదని మొదటిసారి దిగులు పడతాడు. వెంటనే తనకి తనే అనిర్వేదం అన్న మాట చెప్పుకుంటాడు. నిర్వేదం అంటే మనసు చచ్చిపోయి చేతులెత్తేయడం. అది లేకపోవడం అనిర్వేదం. సంపదకీ సుఖానికీ మూలం అదే అనుకుని మళ్ళీ లేచి, చూడని గదులన్నీ చూస్తాడు. అయినా సీతమ్మ కనిపించదు.

అప్పుడు రెండోసారి కూలబడతాడు, మొదటిసారి కంటే గట్టిగా. ఈసారి ఆలోచన ఎలా పరిగెడుతుందో చూడండి. నేను కనిపించలేదని చెప్తే రాముడు బతకడు. రాముడు పోతే లక్ష్మణుడు బతకడు. అది విని భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు. ఆపైన సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, చివరికి వానరకులమంతా నాశనం. ఒక రాత్రి ఒక వెతుకులాట ఫలించలేదు, అంతే. దాని నుంచి రెండు రాజ్యాలు సమాధి అయ్యేదాకా వెళ్ళిపోయింది మనసు. తిరిగి వెళ్ళకుండా ఈ సముద్రం ఒడ్డునే సన్యాసిలా ఉండిపోదామా అనుకుంటాడు. ప్రాణం వదిలేద్దామా అన్న దాకా వెళ్తాడు.

అవును, హనుమంతుడే. వాల్మీకి ఏమీ దాచలేదు.

మలుపు ఎక్కడంటే, చనిపోవడంలో ఎన్నో దోషాలున్నాయి, బతికుంటేనే మేలు చూస్తాం అనుకుంటాడు. తలెత్తి చూస్తాడు. పెద్ద పెద్ద చెట్లతో అశోకవనం కనిపిస్తుంది. ‘ఇది ఇంకా వెతకలేదు కదా!’ అనుకుంటాడు. రాముడికి, లక్ష్మణుడికి, సీతమ్మకి, దేవతలకి దణ్ణం పెట్టుకుని లేస్తాడు. సీతమ్మ అక్కడే ఉంది.

ధైర్యం అంటే దిగులు రాకపోవడమని మనం అనుకుంటాం. ఇక్కడ ధైర్యవంతుడికి ఒకే రాత్రి రెండుసార్లు దిగులొచ్చింది. మంచి మాట తనకి తను చెప్పుకున్నాక కూడా మళ్ళీ వచ్చింది. మూడో పాఠం: ‘అంతా వెతికాను’ అని మనసు చెప్పేటప్పుడు, నిజంగా వెతకనిది ఒకటి ఉందేమో చూడాలి.

ఈ రోజుల చదువు ఏమంటోంది?

నేను కంప్యూటర్ సైన్స్ వాణ్ణి, సైకాలజిస్ట్‌ని కాదు. చదివి అర్థం చేసుకున్నంత చెప్తాను.

అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషులు తమ ఓటమిని తమకి తాము ఎలా వివరించుకుంటారో చాలా ఏళ్ళు చూశాడు. త్వరగా కుంగిపోయేవాళ్ళ వివరణలో మూడు గుణాలు కనిపించాయి. ‘తప్పంతా నాదే’, ‘ఇది ఎప్పటికీ ఇంతే’, ‘ఇక నా జీవితమంతా ఇంతే’. మా బుజ్జి మాట గుర్తుందా? ‘నాకేం రాదు.’ పోయింది ఒక్క పేపర్. ఆ రెండు ముక్కల్లో మూడూ ఉన్నాయి. ఆయన టీమ్ పెన్సిల్వేనియా యూనివర్సిటీలో స్కూల్ పిల్లల కోసం ఒక ప్రోగ్రామ్ తయారుచేసింది. ఒక చిన్న ఓటమి నుంచి ప్రళయం దాకా పరిగెత్తే ఆలోచనని మధ్యలో ఆపి, జరిగిందేంటి, నేను ఊహించిందేంటి అని విడదీయడం అందులో నేర్పుతారు. హనుమంతుడి ఆలోచన గొలుసు అక్కడి క్లాస్‌లో చెప్తే సరిగ్గా సరిపోతుంది.

అదే సెలిగ్మన్, క్రిస్టఫర్ పీటర్సన్ కలిసి 2004లో మనిషిలోని మంచి గుణాల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. వేర్వేరు దేశాల మతగ్రంథాలు, తత్వాలు చూసి 24 బలాలని 6 సద్గుణాల కింద సర్దారు. అందులో ధైర్యం, పట్టుదల, దయ, న్యాయం ఉన్నాయి. కృతజ్ఞత, ఆశ, హాస్యం కూడా ఉన్నాయి. మార్కుల మెమోలో ఈ 24లో ఒక్కదానికీ గడి లేదు. జాంబవంతుడు చూసింది మాత్రం వీటినే.

మన దేశంలో కూడా ప్రయత్నాలు జరిగాయి. 2018 జూలైలో ఢిల్లీ ప్రభుత్వ స్కూళ్ళలో నర్సరీ నుంచి 8వ తరగతి దాకా హ్యాపీనెస్ పీరియడ్ మొదలుపెట్టారు. కాసేపు మౌనంగా కూర్చోవడం, కథలు, పిల్లలు తమ అనుభవాలు చెప్పుకోవడం ఉండేవి. పరీక్ష ఉండేది కాదు.

అయితే ఒక నిజం కూడా చెప్పాలి. ఇలాంటి ప్రోగ్రామ్‌లన్నీ మంత్రంలా పనిచేయవు. పెన్సిల్వేనియా ప్రోగ్రామ్ మీద జరిగిన అధ్యయనాల్లో మేలు కనిపించింది గానీ అది చిన్నదే, అన్నిచోట్లా ఒకేలా లేదు. బ్రిటన్‌లో 8 వేలకు పైగా స్కూల్ పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ క్లాసుల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా స్కూల్లో చెప్పే దానికంటే అదనపు లాభం కనిపించలేదు. ధ్యానం మంచిది కాదని దీని అర్థం కాదు, నేనూ రోజూ చేస్తాను. ఒక పీరియడ్ పెట్టేసి మిగతా ఏడు పీరియడ్లూ పాత పద్ధతిలోనే నడిపితే పని జరగదని నాకు అర్థమైంది.

నా ఇంటర్ సంగతి

నేను చదివింది రెసిడెన్షియల్ కాలేజీలో. వారం వారం టెస్ట్, సోమవారం నోటీస్ బోర్డు మీద ర్యాంకులు. సెకండియర్ దసరా తర్వాత నన్ను పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి మార్చారు. పుస్తకాలు, దుప్పటి, బకెట్ పట్టుకుని కారిడార్‌లో నడుస్తుంటే ఫ్రెండ్స్ కిటికీల్లోంచి చూశారు. ఆదివారం ఇంటికి ఫోన్ చేసి “అంతా బానే ఉందమ్మా” అన్నాను. ఆ అబద్ధం మూడు నెలలు చెప్పాను.

కింది సెక్షన్‌లో ఒక కెమిస్ట్రీ సార్ ఉండేవారు. ఒకరోజు స్టడీ అవర్‌లో పక్కన కూర్చుని “ఏం రావట్లేదురా?” అన్నారు. “ఏదీ రాదు సార్” అన్నాను. ఆయన తిట్టలేదు, మెచ్చుకోలేదు. పుస్తకం మొదటి పేజీ తెరిచి, సిలబస్‌లో ఒక్కో చాప్టర్ పేరూ చదువుతూ వచ్చేది, సగం వచ్చేది, రానిది అని నాతోనే పెన్సిల్‌తో గుర్తులు పెట్టించారు. చివర్లో లెక్కపెడితే అసలు రానివి నాలుగే. “ఏదీ రాదన్నావు?” అని నవ్వి వెళ్ళిపోయారు.

నాకు గొప్ప ర్యాంకేమీ రాలేదు. మామూలు ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. కానీ ఆ పెన్సిల్ గుర్తుల పద్ధతి ఇప్పటికీ వాడుతున్నాను. రాత్రి రెండు గంటలకి ప్రొడక్షన్‌లో ఏదో పడిపోయి అందరూ ‘మొత్తం పోయింది’ అని కంగారు పడుతుంటే, ఏం పనిచేస్తోంది, ఏం పనిచేయట్లేదు, ఏ లాగ్ ఇంకా చూడలేదు అని రాసుకుంటాను. చాలాసార్లు అశోకవనం అక్కడే ఉంటుంది.

ఆ సార్ లేకపోతే? అదృష్టం కొద్దీ ఒక మంచి మనిషి పక్కన కూర్చున్నాడు కాబట్టి సరిపోయింది. ప్రతి పిల్లవాడికీ ఆ అదృష్టం దొరకాలంటే అది స్కూల్ టైమ్‌టేబుల్లోకి రావాలి.

స్కూళ్ళు ఏం చేయొచ్చు?

ఒకటి, చెప్పుకునే చోటు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో తీర్పిస్తూ, దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం మానుకోవాలంది. మీ స్కూల్లో, మీ తమ్ముడి కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా? అడగండి. ఫీజు రసీదు అడిగినంత మామూలుగా అడగండి. కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ గది పక్కన కాకుండా, పిల్లలు ఎవరి కంటా పడకుండా వెళ్ళగలిగే చోట ఉంటే ఇంకా మంచిది. సంపాతికి వినపడాలంటే ముందు పిల్లలు నోరు తెరవాలి కదా.

రెండు, బలాన్ని పేరు పెట్టి చెప్పడం. క్లాస్ టీచర్ రోజుకి ఇద్దరు పిల్లల గురించి ఒక్కో వాక్యం నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. ‘నిన్న కొత్తమ్మాయి ఒక్కతే కూర్చుంటే ఈ పిల్ల వెళ్ళి పక్కన కూర్చుంది. దయ.’ ‘లెక్క మూడుసార్లు తప్పినా నాలుగోసారి చేశాడు. పట్టుదల.’ నెల తిరిగేసరికి క్లాసంతా అయిపోతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కంటే ముందు ఆ వాక్యం చదవాలి. ఒక్క జాగ్రత్త, దీనికి మార్కులేయకూడదు. దయలో ఫస్ట్ ర్యాంక్ అని బోర్డు పెట్టామంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

మూడు, వెతకని చోటు పీరియడ్. టెస్ట్ పేపర్లు ఇచ్చిన రోజు కొత్త పాఠం వద్దు. ప్రతి పిల్లా తన పేపర్ ముందు పెట్టుకుని మూడు గడులు గీయాలి. తెలిసి రాసినవి, తెలిసీ తప్పినవి, ఇంకా నేర్చుకోనివి. టీచర్ కూడా తను సరిగ్గా చెప్పలేకపోయిన పాఠం ఏదో ఒప్పుకుంటే ఇంకా గొప్ప. మా ఐటీలో ఏదైనా పెద్ద తప్పు జరిగితే, మంచి టీముల్లో ‘ఎవరు చేశారు’ అని కాకుండా ‘ఎలా జరిగింది’ అని కూర్చుని చూస్తారు. పదో తరగతి పిల్లలకి ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు?

నాలుగు, నిద్ర, ఆట. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెప్తారు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే చోట రెసిలియన్స్ మీద ఎన్ని సెమినార్లు పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. పిల్లల్ని గట్టిపరచడమంటే ఎక్కువ దెబ్బలు కాచుకునేలా తయారుచేయడం కాదు. వద్దనుకున్న దెబ్బ కొట్టకుండా ఉండటం కూడా అందులో భాగమే.

ఐదు, రిజల్ట్స్ రోజుకి ముందే ప్లాన్. ఫలితాలొచ్చిన రోజు ఫెయిలైన ప్రతి పిల్లకీ స్కూల్ నుంచి ఒక టీచర్ ఫోన్ చేయాలి. సప్లిమెంటరీ ఎప్పుడు, రీవెరిఫికేషన్‌కి ఎలా అప్లై చేయాలి, ఆ ఫోన్‌లోనే చెప్పాలి. మెమో మీద అంకె దేవుడి మాట కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఎంత గందరగోళం జరిగిందో మనకి గుర్తుంది. తెలుగులో సున్నా వచ్చిందన్న అమ్మాయికి తిరిగి చూస్తే 99 ఉన్నాయి. ఆ ఏడాది ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. దేశం మొత్తం మీద చూస్తే 2022 ఒక్క ఏడాదిలోనే 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. సప్లిమెంటరీ కొన్ని వారాల దూరంలోనే ఉంటుంది. ఆ కొన్ని వారాలు దాటించే మనిషి పక్కన ఉండాలి.

మీరే స్టూడెంట్ అయితే

ఈ వారం సాధన మూడు పనులే.

మొదటిది, ఒక సంపాతిని ఎంచుకోండి. అమ్మ, తాతయ్య, సీనియర్, టీచర్, ఎవరైనా సరే. బాగున్నప్పుడే వాళ్ళతో ‘నాకు ఎప్పుడైనా బాలేకపోతే నీకు ఫోన్ చేస్తాను’ అని చెప్పి ఉంచండి.

రెండోది, మీ ఫ్రెండ్‌కి జాంబవంతుడవ్వండి. ఈ వారం ఒక ఫ్రెండ్‌లో మీరు కళ్ళారా చూసిన ఒక మంచి గుణం, అది చూసిన సందర్భంతో సహా చెప్పండి. ‘నువ్వు తోపు’ అని కాదు, ‘ఆ రోజు నువ్వు ఇలా చేశావు’ అని.

మూడోది, సాయంత్రం దీపం దగ్గర కూర్చున్నప్పుడు సుందరకాండ 12, 13 సర్గల కథ చదవండి. తర్వాత ఒక కాగితం మీద, ‘మొత్తం పోయింది’ అనిపిస్తున్న విషయం పైన రాసి, కింద ‘ఇంకా వెతకనిది’ అని రాయండి. ఒక్కటైనా దొరుకుతుంది. దొరక్కపోతే ఆ కాగితం మీ సంపాతికి చూపించండి. పక్కవాళ్ళ కంటికి కనిపిస్తుంది.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం కాగితంతో, ప్రార్థనతో ఆపకండి. అది మీ భక్తి తక్కువై వచ్చింది కాదు, హనుమంతుడికే వచ్చింది. వెంటనే దగ్గరున్న మనిషికి చెప్పండి. ప్రభుత్వ టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి. మీకు కాకపోయినా ఎవరికో పనికొస్తుంది.

చివరగా, బుజ్జి సంగతి. ఆ సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ధైర్యంగా ఉండమనలేదు. “హనుమంతుడికి కూడా ఒకరోజు ఏమీ రాలేదే, చెప్పనా?” అన్నాను. “చెప్పు” అంది. ఈ కథే చెప్పాను. మధ్యలో ఏడ్చింది, నేనేమీ అనలేదు, లైన్‌లోనే ఉన్నాను. కథ అయ్యాక చాలాసేపటికి, “ఇంటిగ్రేషన్... కాదు, డిఫరెన్సియేషన్ నేను సరిగా చూడలేదు అన్నయ్యా. స్ట్రెయిట్ లైన్స్ వచ్చు” అంది. నేను కళ్ళు తుడుచుకున్నాను. అశోకవనం కనిపించింది మరి.

పిన్ని పెరుగన్నం కలిపి తీసుకెళ్తే తలుపు తీసిందట. సప్లిమెంటరీ రాసి పాసైంది, మార్కులు గొప్పగా ఏమీ రాలేదు. ఇప్పుడు సెకండియర్. మొన్న ఫోన్ చేసి, తన క్లాస్‌లో ఒకమ్మాయి టెస్ట్ బాగా రాయలేదని ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఈ కథ చెప్పానంది.

సీతమ్మ కబురుతో తిరిగొచ్చేటప్పుడు వానరులంతా మధువనంలో పడి తేనె తాగి నానా అల్లరి చేశారు. కాపలావాళ్ళు వెళ్ళి ఫిర్యాదు చేస్తే సుగ్రీవుడు కోప్పడలేదు. ఇంత అల్లరి చేస్తున్నారంటే పని జరిగినట్టేనని అర్థం చేసుకున్నాడు. నెల దాటితే బతకనివ్వడని అంగదుడు వణికిపోయిన సుగ్రీవుడు ఆయనే. మనం భయపడే ముఖాలు చాలాసార్లు మనం ఊహించినంత కఠినంగా ఉండవు. ఆ ముఖం మీదే అయితే, మీ ఇంట్లో పిల్లలకి ఈ రాత్రే ఆ సంగతి చెప్పండి.

వచ్చే వారం వీడియోలో అశోకవనం లోపలికి వెళ్దాం.

జై హనుమాన్.